పెట్రోలు దిగిన బావి

ఫిబ్రవరి 11

బంకుకు సీలు పడి వారమైంది. పంపుల మీద పాత దుప్పట్లు కప్పించాను. అయినా బండ్లు ఆగుతూనే ఉన్నాయి. సీలు చూపిస్తే, "గా సీలు పంపుకు గదక్కా, కిందికెల్లి గుంజి పొయ్యరాదు," అంటాడొకడు. కిందనే కదా నాయనా కొంప మునిగింది.

భూమిలో ఉన్న పాత ట్యాంకు అడుగున తుప్పు తిని కారింది. ఎన్నాళ్ల నుంచి కారుతున్నదో ఎవరికీ తెలియదు. రోజూ పొద్దున కొలకర్ర ముంచినప్పుడు వచ్చే తేడాను, ఆవిరైపోయిందిలే అని ఎండ ఖాతాలో వేస్తూ వచ్చాం. అందరూ అట్లాగే వేస్తారు. చలికాలంలో కూడా ఎండ ఖాతాలోనే వేశామని ఇప్పుడు గుర్తుకొస్తోంది. సరే.

సంగతి బయటపడింది వెనకింటి వజీర్ బీ బావి వల్ల. చిన్నప్పటి నుంచి ఆమెను అత్తా అనే పిలుస్తాను. పొద్దున్నే చెంబుతో నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేసిందట. కొడుకు నూరుద్దీన్‌ను నా దగ్గరికి పంపింది. "హిమజక్కా, మా బావిల పెట్రోలు వాసనొస్తున్నది. అమ్మీ నిన్ను జర చూసి పొమ్మన్నది," అన్నాడు. జర చూసి పొమ్మన్నదట. వేరేవాళ్లయితే అటునుంచటే ఠాణాకు పోయేవాళ్లు.

ఫిబ్రవరి 12

నిద్ర పట్టక రాస్తున్నాను. ఆ బావి నా బంకు కంటే పాతది. కరువొచ్చిన ఏడాది అత్త భర్త సలాహుద్దీన్ మామ తవ్వించాడు. నీళ్లు పడితే దారిన పోయే ఎవరికీ లేదనకుండా ఇస్తానని మొక్కుకున్నాడట. పడ్డాయి. అప్పటినుంచి ఎండాకాలం వస్తే సాగర్ రోడ్డు మీద వాళ్ల కుండలు ఉండాల్సిందే. బస్సు ఆగితే డ్రైవరే దిగి సీసా నింపుకుంటాడు. మామ పోయాక కూడా అత్త ఆ పని మానలేదు. ఒక్కొక్కరు తాగిన గుక్క పుణ్యం, ఆమె మాటలో సవాబు, ఆయనకు చేరుతుందని ఆమె నమ్మకం. నేను చిన్నప్పుడు బడి నుంచి వస్తూ ఆ కుండల దగ్గరే ఆగేదాన్ని.

ఇప్పుడు ఆ బావిలో నా పెట్రోలు ఉంది. నాకు బంకు తెరుచుకోలేదన్న బాధ కంటే ఇదే ఎక్కువ. నిజంగానే.

ఫిబ్రవరి 20

పెట్రోలు కంపెనీ శుభ్రం చేసే పని కాంట్రాక్టుకిచ్చింది. వాళ్ల తరఫున సుశాంత్ అనే ఇంజినీరు వచ్చాడు. మర్యాదస్తుడు. కాని ఏదడిగినా కాగితం తీసి గీతలు గీస్తాడు. నాకు అర్థమైనంత వరకు సంగతి ఇదీ. పెట్రోలు నీళ్ల మీద తేలుతుంది, కొంత నీళ్లలో కలుస్తుంది. నేలలోకి పైపులు దించి, నీళ్లు తోడి, పైన తేలేదాన్ని వేరు చేసి, మిగతా నీళ్లను బొగ్గు నింపిన పీపాల గుండా పంపుతారు. ఇంకో మిషను నేలలో పట్టిన ఆవిరిని పీలుస్తుంది. "మెల్లగ లాగాలె మేడం. ఎక్కడ జోరుగ తోడితే పెట్రోలు అటే పోతది," అన్నాడు.

ఎన్నాళ్లు పడుతుంది అంటే మళ్లీ గీత గీశాడు.

ఫిబ్రవరి 25

ట్యాంకు పైకి తీశారు. దానితోపాటు తవ్విన మట్టి వెనకాల ప్లాస్టిక్ పట్టా మీద కుప్ప పోశారు. దాన్ని వేరేచోటికి పంపి శుద్ధి చేయాలి, ఆ లారీలు ఇంకా రాలేదు. ఈలోగా ట్రాక్టర్లవాళ్లు వరస కట్టారు. "అక్కా, మట్టి ఎంతకిస్తవ్?" కొంగరకలాన్ దాకా ప్లాట్లు నింపేవాళ్లే. రోడ్డు పక్కన మట్టి కుప్ప కనిపిస్తే మా ఊళ్లో చేతులు ఊరికే ఉండవు. ఇది విషం పట్టిన మట్టి అని చెప్పాను. "ఏం గాదక్కా, మీద సిమెంటే గదా పోసేది," అన్నాడు. కాపలాకు వాచ్‌మన్‌ను పెట్టాను. మట్టికి కాపలా.

మార్చి 2

రంజాన్ మొదలైంది. అత్త కుండలు పెట్టలేదు.

ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు ఆటోలో పంపించాను. ఇంటికోసం రెండు ఉంచుకుని మిగతావన్నీ వెనక్కి పంపింది. నేనే వెళ్లాను.

"గీ నీళ్లు కుండల్ల పోసి పెట్టు అత్తా, తాగేటోళ్లకు ఏం ఫరక్," అన్నాను.

"తాగేటోళ్లకు ఫరక్ లేదు బిడ్డా. కొన్న నీళ్లు మీ మామ పేర ఎట్ల పెడ్త? ఆయన బావి తవ్విండు గాని క్యాను తవ్విండా?" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇంత మొండితనమా అనుకున్నాను. ఇంటికి వచ్చి కూడా అదే అనుకున్నాను. ఆమె అన్నదాంట్లో తప్పేమీ దొరకకపోవడం వల్ల ఇంకా మండింది.

మార్చి 7, శుక్రవారం

సుశాంత్ శుక్రవారం శుక్రవారం అత్త బావిలో నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు పంపుతాడు. పెట్రోలు ఎంతుందో ఒక అంకె వస్తుంది. పోయినసారి కంటే పెరిగింది. ఇన్ని పైపులు, ఇన్ని పీపాలు, రాత్రింబవళ్లు ఈ మోత. పెరిగింది.

మార్చి 14, శుక్రవారం

మళ్లీ పెరిగింది.

మార్చి 18, మంగళవారం

ఎందుకో ఇవాళ మధ్యలో ఒకసారి పరీక్ష చేయించాడు. తగ్గింది. బాగా తగ్గింది. సుశాంత్ మొదటిసారి నవ్వాడు. అత్తకు చెప్పి వచ్చాను. "అల్హందులిల్లా," అని చేతులు పైకెత్తింది. ఇంటికి వస్తూ రెండు కిలోల ద్రాక్ష కొన్నాను, ఎందుకో.

మార్చి 21, శుక్రవారం

పెరిగింది. ద్రాక్ష అట్లాగే ఉంది.

మార్చి 24

పక్కనే ప్లాట్లు అమ్ముతున్న వెంచర్ వాళ్ల పనే అయి ఉండాలి. అంత గడ్డి, అన్ని పూలచెట్లు, మండే ఎండలో పచ్చగా ఉన్నాయంటే బోరు ఎంత గుంజుతున్నారో. ఎక్కడ జోరుగా తోడితే పెట్రోలు అటే పోతుందని కదా సుశాంత్ చెప్పాడు. ఆ లాగుడులోనే దారిలో ఉన్న అత్త బావి పాడవుతున్నది. నేరుగా గేటు దగ్గరికి పోయి సూపర్‌వైజర్ అంజిలయ్యను పట్టుకున్నాను. ప్లాట్లు చూడటానికి వచ్చిన వాళ్ల ముందే కడిగేశాను. ముసలామె నీళ్లు మీ గడ్డికి పోస్తారా అన్నాను. ఇంకా ఏమేమో అన్నాను.

అంజిలయ్య అంతా విన్నాడు. "అయిపోయిందా అక్కా? మా బోరు మోటరు కాలి నెల దాటింది. గీ గడ్డి మొత్తం ట్యాంకర్ల మీద బతుకుతున్నది," అన్నాడు. కాలిన మోటరు తీసుకొచ్చి చూపించాడు కూడా.

వాళ్లముందు నిలబడి కాలిన మోటరును తిప్పి తిప్పి చూశాను. ఏం చూశానో నాకే తెలియదు.

మార్చి 28, శుక్రవారం

పెరిగింది. నిన్న గురువారం కంపెనీ మీటింగులో ఎప్పటిలాగే నన్నూ సుశాంత్‌నూ నిలదీశారు. ప్రతి గురువారం ఇద్దరం పొద్దున్నే పట్నం పోవడం, అంకె ఎందుకు తగ్గలేదని తిట్లు తిని చీకటి పడ్డాక రావడం.

ఏప్రిల్ 3, గురువారం

మీటింగు రద్దయింది. మధ్యాహ్నం బంకు వెనక గదిలో కూర్చున్నాను. గోడ అవతల మోటరు మోత. మా మిషన్ల మోత కాదు, పొలాల దగ్గర వినిపించే మోత. గోడ ఎక్కి చూశాను.

అత్త బావి మీద పెద్ద మోటరు. లావుపాటి పైపులోంచి నీళ్లు నా ప్రహరీ వెంట ఉన్న కాలువలోకి దూకుతున్నాయి. నూరుద్దీన్, ఇంకో నలుగురు. బావిలో నీళ్లు అడుగంటాయి. గట్టు మీద సున్నం బస్తా, పటిక గడ్డలు. అత్త గొడుగు పట్టుకుని కుర్చీలో కూర్చుని పని చేయిస్తోంది.

"ఏం చేస్తున్నరు అత్తా?"

"కనిపిస్తలేదా? బావి తోడిపిస్తున్న."

"ఎప్పటి సంది?"

"సీలు పడ్డప్పటి సంది. ప్రతి బేస్తవారం. శుక్రవారం నాటికి మంచి నీళ్లు ఊరాలె గదా. మీరు అటుదిక్కు సాఫ్ చేస్తున్నరు, మేం ఇటుదిక్కు సాఫ్ చేస్తున్నం."

చెడిన బావిని తోడి పారేయాలని మా ఊళ్లో పసిపిల్లకు కూడా తెలుసు. మేకపిల్ల పడినా అదే, పాము పడినా అదే. తోడు, సున్నం చల్లు, పటిక వెయ్యి, కొత్త నీళ్లు ఊరనియ్యి. నన్నడిగితే నేనూ అదే చెప్పేదాన్ని. కాని ఇక్కడ బావిలో పడింది మేకపిల్ల కాదు. బావి ఖాళీ అయినప్పుడల్లా చుట్టూ నేలలో ఉన్న పెట్రోలంతా పిలిచినట్టు అందులోకి వస్తున్నది. తోడిన నీళ్లు నా గోడ పక్క కాలువలో ఇంకి, మళ్లీ సుశాంత్ పైపుల్లోకే దిగుతున్నాయి. మేము మీటింగులో ఉన్నప్పుడు వాళ్లు తోడటం. మర్నాడు సుశాంత్ సీసా పట్టడం. మంగళవారం పట్టిన ఒక్కసారే తగ్గింది అందుకే.

"నాకొక్క మాట చెప్తే ఏం పోయె నూరుద్దీన్?" అన్నాను.

"చెప్పేదేమున్నదక్కా. నీకే తలకాయ పగిలే పని ఉండె. ఇదన్న మేం చేసుకుందమనుకున్నం," అన్నాడు. చేతులన్నీ సున్నం కాటుకు పొక్కులెక్కి ఉన్నాయి.

వాచ్‌మన్‌ను పిలిచి అడిగాను. "అవ్ మేడం, ప్రతి బేస్తవారం తోడ్తరు. సాఫ్ చేస్తున్నరు గదా," అన్నాడు. వాడిని పెట్టింది మట్టికి కాపలా. వాడు మట్టినే చూశాడు.

సుశాంత్‌కు ఫోను చేసి చెప్పాను. "నేను ఎన్ని గీతలు గీసిన మేడం," అన్నాడు.

ఏప్రిల్ 4

నిన్న నవ్వొచ్చింది. ఇవాళ రావడం లేదు. రెండు నెలలు ఒకరి కష్టం మీద ఒకరం నీళ్లు పోసుకున్నాం.

అంజిలయ్యకు క్షమాపణ చెప్పాలి. రేపు.

ఏప్రిల్ 15

తోడటం ఆపారు. అత్త బావిలో అంకె తగ్గింది. సంతోషించే లోపల సుశాంత్ ఇంకో కాగితం పట్టుకొచ్చాడు. ఇన్నాళ్లు బావి లాగుతున్నందువల్ల అక్కడే ఆగిన పెట్రోలు ఇప్పుడు దిగువకు కదిలింది. దిగువన ఆడపిల్లల హాస్టల్ ఉంది. మూడు వందల మంది ఆ ఒక్క బోరు నీళ్లు తాగుతారు. దారిలో దించిన పైపులో వాసన మొదలైంది.

"ఆపే ఉపాయం ఒకటే మేడం. ఆ బావినే పట్టుకోవాలె. రాత్రింబవళ్లు మెల్లగ తోడుకుంట పోతే మొత్తం అందులకే వస్తది. తోడిన నీళ్లు కాలువల పోకుండ మన పీపాలల్లకు తీసుకుంటం. కిందికి చుక్క పోదు," అన్నాడు.

అంటే ఆ బావి ఇక మా మురికి పట్టే బావి.

"ఎన్నాళ్లు?"

ఈసారి గీత గీయలేదు. "పదేండ్లనుకోండ్రి. ఎక్కువే కావచ్చు. బండ సందులల్లకు దిగింది."

అత్తకు డెబ్బై నాలుగు.

బావిలో పంపు దించితే బంకు తెరవడానికి అనుమతి ఇస్తామని అధికారులు అన్నారట. అది వేరే సంగతి. బంకు కోసం కాదు. మూడు వందల మంది పిల్లలు. ఆ పిల్లల కోసం.

ఏప్రిల్ 16

రేపు అడుగుతాను.

ఏప్రిల్ 17

అడగలేదు. వాళ్లింటికి చుట్టాలు వచ్చారు.

ఏప్రిల్ 19

చుట్టాలు పోయారు. నాకు తలనొప్పి.

ఏప్రిల్ 22

అడిగాను.

మంచం మీద కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. నేనూ ఒక కట్ట తీసుకున్నాను. హాస్టల్ సంగతి, పిల్లల సంగతి చెప్పాను. నీ బావి ఇస్తే ఆగుతుందన్నాను.

"ఎన్ని దినాలు తీసుకుంటరు?" అంది.

నోటి దాకా వచ్చింది. పదేండ్లు అత్తా, ఎక్కువే కావచ్చు అత్తా. ఆమె వేళ్లు మెంతి ఆకుల మీద ఆగి ఉన్నాయి.

"కొన్ని నెలలు. వానలు పడి పోయేదాక," అన్నాను.

"మల్ల నా కుండలు పెట్టుకోవచ్చు గదా?"

"పెట్టుకోవచ్చు."

"అయితే తీసుకో బిడ్డా. ఆడపిల్లలు తాగే నీళ్లు. మీ మామ ఉన్నా ఇస్తుండె," అంది.

పదేండ్లని సుశాంత్ కూడా ఖాయంగా చెప్పలేదు. అనుకోండి అన్నాడు. ఏమో, ముందే కావచ్చు. ఒక ముసలామెను ఒక్కసారే కుంగదీయడం దేనికి. మెల్లగా చెప్పొచ్చు.

మే 9

బావిలో పంపు దిగింది. బంకు తెరిచాం. కొత్త ట్యాంకు, కొత్త పైపులు. పొద్దున ఆరింటికే బండ్లు రోడ్డు దాకా నిలిచాయి. అంజిలయ్య కూడా వచ్చాడు, ట్యాంకు నిండా పోయించుకున్నాడు, చేతిలో కొబ్బరికాయ ముక్క పెడితే తీసుకున్నాడు. క్షమాపణ ఇంకా చెప్పలేదు, కాని కొబ్బరికాయ తీసుకున్నాడు కదా.

చాలా సంతోషంగా ఉంది. సాయంత్రం అత్త గోడ దగ్గరికి వచ్చింది. "షురువైందా బిడ్డా? మంచిగైంది. ఇంకెన్ని నెలలైతది?" అని అడిగింది.

"ఇప్పుడే కదా అత్తా పెట్టింది," అన్నాను.

మే 20

సాయంత్రం అత్త గోడ దగ్గర. ఇంకెన్ని నెలలు అంది. వానలు రానీ అన్నాను.

జూన్ 2

గోడ. నెలలు. వానలు.

జూన్ 16

వానలు వచ్చాయి. అంకె పెరిగింది. నీళ్లమట్టం పైకి లేచి, పైన మట్టిలో పట్టి ఉన్న పెట్రోలును కడిగి కిందికి తెచ్చిందట. ఎండాకాలంలో వానలు రానీ అన్నాను, ఇప్పుడు వానలు పోనీ అనాలి. సుశాంత్ మీద అరిచాను. ఎండకు కాదు, వానకు కాదు, మీ మిషను ఎందుకయ్యా మరి అన్నాను. "హాస్టల్ పైపుల ఇప్పుడు ఏం లేదు మేడం. అదే దాని పని," అన్నాడు. నిజమే. హాస్టల్ బోరు శుభ్రంగా ఉంది. అన్నీ నిజాలే, నాకే ఏదీ సరిపడటం లేదు.

బంకు వెనకవైపు పోవడం తగ్గించాను. బంకులో పని ఎక్కువగా ఉంటోంది.

జూలై 8

నూరుద్దీన్ బంకుకు వచ్చాడు. పెట్రోలు కోసం కాదు.

పాత అలవాటు కొద్దీ జనం ఇంకా సీసాలు పట్టుకుని అత్త వాకిట్లోకి వస్తున్నారు. బావి మీద మేము రేకు బోర్డు పెట్టాం, ఈ నీళ్లు తాగరాదు అని. ఎందుకు తాగరాదో రాయలేదు. సుశాంత్ రాద్దామన్నాడు. బంకు పేరు రోడ్డు మీదికి కనిపించేట్టు ఎందుకని నేనే వద్దన్నాను. అందువల్ల వచ్చినవాళ్లకు అత్తే చెప్పుకోవాల్సి వస్తోంది. నిన్న ఒకడు, "ఇన్నేండ్లు ఫుకట్‌గ పోసి ఇప్పుడు మోటరు పెట్టి అమ్ముకుంటున్నవా ముసలమ్మా," అన్నాడట. బావిలోంచి పైపు, పైపు నుంచి మోటరు, గోడ అవతలికి పోయే నీళ్లు. చూసేవాడికి అట్లాగే కనిపిస్తుంది.

"వాన్ని కొడదామని ఉరికిన అక్కా. అమ్మీ ఆపింది. రాత్రి అన్నం తినలే," అన్నాడు. "మా అబ్బాజాన్ పేరు ఖరాబైతది గదక్కా."

బోర్డు మారుస్తానని చెప్పాను.

జూలై 9

బోర్డు రాసేవాడు దొరకలేదు.

జూలై 21

బోర్డు రాసేవాడు దొరికాడు. వాన.

ఆగస్టు 10

సాయంత్రం గోడ దగ్గరికి నేనే వెళ్లాను. చాలా రోజులైంది. అత్త చిక్కింది. ఎప్పటిలాగే అడిగింది. "ఇంకెన్ని నెలలు బిడ్డా?"

"ఇంకొంచెం అత్తా. దసరా దాటితే," అన్నాను.

నా మొహం వైపు చూసి మెల్లగా అంది. "నీ ఇంజినీరు నూరుద్దీన్‌కు చెప్పిండు. పంపు దించే ముందటి రోజే. నేను ఉండంగ బావి మంచిగ కాదని."

గోడ పట్టుకుని నిలబడ్డాను.

"తెలిసి కూడ పంపు దించనిచ్చినవా?"

"పిల్లలు తాగే నీళ్లంటివి గదా. అది అబద్ధం గాదు గదా. ఇచ్చిన."

నాకు కోపం వచ్చింది. ఆమె మీదే వచ్చింది. "తెలిసి మరి దినాం ఎందుకడిగినవ్ అత్తా? నన్ను ఆడిచ్చెటందుకా?"

"ఇయ్యాల చెప్తవేమోనని," అంది. "బావి పోయిందంటే అది అల్లా మర్జీ. ఇస్తానని నేనే ఇచ్చిన. కాని నువ్వు నా చేతి నీళ్లు తాగి పెద్దగైన పోరివి. దినాం గీ గోడ కాడ నిలవడి నాతోని అబద్ధమాడవడ్తివి. నాకు గదే కొడ్తున్నది."

కొంగు సర్దుకుని లోపలికి పోయింది.

ఆగస్టు 11

ఏమీ రాయబుద్ధి కావడం లేదు. మంచి కోసమే అన్నాను. నిజంగా మంచి కోసమే. కుంగిపోతుందనే కదా. ఆమె కుంగలేదు, పంపు దించనిచ్చింది, పిల్లల నీళ్లు కాపాడింది, నా బంకు తెరిపించింది. దేనికీ నా అబద్ధంతో అవసరం పడలేదు.

బంకు కోసమే.

ఆగస్టు 14, గురువారం

పొద్దున్నే బంకు కుర్రాళ్లకు అప్పగించి అత్త వాకిట్లోకి పోయాను. ఆమె పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. అరుగు మీద బియ్యం చెరుగుతోంది. రేకు బోర్డు పీకేశాను. రాసేవాడి కోసం చూడకుండా నేనే కొత్త రేకు మీద ఎర్ర రంగుతో రాశాను. అక్షరాలు వంకర పోయాయి. 'ఈ బావిలో మా బంకు పెట్రోలు కలిసింది. తాగొద్దు. హిమజ.' కింద ఉర్దూలో నూరుద్దీన్ రాశాడు. వాడి అక్షరాలు ఇంకా అన్యాయం.

రంగు ఆరకముందే ఒక ట్రాక్టర్ డ్రైవర్ వచ్చాడు. చేతిలో రెండు లీటర్ల సీసా. బోర్డు వైపు చూడనైనా చూడలేదు. మా ఊళ్లో ఎవరు చూస్తారు గనక. "అమ్మా, జర నీళ్లు," అని అత్తను అడిగాడు. ఆమె చేట ఆపింది. చెప్పడానికి నోరు తెరవబోయింది.

నేను లేచాను. "ఇవి తాగనీకి రావు అన్నా. పక్క బంకు నాదే. మా ట్యాంకు కారి బావి పాడైంది. వీళ్ల తప్పు ఏం లేదు. ఆ పైపుల నీళ్లు అమ్మెటందుకు గాదు, పెట్రోలు తీసెటందుకు," అన్నాను.

"అరె. మస్తు మంచి నీళ్లుండె. మల్ల ఎప్పుడు మంచిగైతయ్?"

అత్త చేట వైపే చూస్తోంది. మెల్లగా చెబితే నాకే వినపడదేమో అనిపించింది.

"మా అత్త ఉండంగ కావు," అన్నాను.

వాకిలంతా వినిపించింది. నూరుద్దీన్ బ్రష్షు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. డ్రైవర్ నన్నూ ఆమెనూ మార్చి మార్చి చూసి, ఖాళీ సీసా చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. బంకులో నీళ్ల క్యాన్ ఉందని, అక్కడ నింపుకొమ్మని వెనక నుంచి చెప్పాను.

అత్త చేటలో రాళ్లు ఏరుతూ, తలెత్తకుండా అంది.

"గంత గట్టిగ అరవకు బిడ్డా. వినవడ్డది."

ఆమె పక్కన కూర్చున్నాను. కళ్లు ఆగలేదు. కాసేపటికి చేటలో సగం బియ్యం నా ముందుకు నెట్టింది. ఇద్దరం ఏరుతుంటే బస్సు ఆగిన చప్పుడైంది. డ్రైవర్ సీసా పట్టుకుని దిగాడు. ఈసారి కూడా నేనే లేచాను.